చిన్న పక్షాలు, పెద్ద స్వరాజ్యం
మారిషస్ దీవి కథ – మన సరిహద్దు ఊళ్ళ కంటితో

స్వరాజ్య పోరాటాల చరిత్రలు చదివేటప్పుడు సాధారణంగా మనకు ఒక పెద్ద పక్షం, దాని ముందు నిలిచిన ఒక పెద్ద నాయకుడు కనబడతారు. మిగిలిన వారంతా ఊరేగింపులో వెనుక నడిచేవారే. చిన్న చిన్న పక్షాల పేర్లు పుస్తకపు చివరి పుటలలో ఎక్కడో చిన్న అక్షరాలలో కనిపిస్తాయి. పెద్దది గెలిచినది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినది – ఇదీ మనము పిల్లలకు చెప్పే కథ.

అయితే ఎక్కువమందిలో తక్కువమందిగా కాపురం చేసేవారు ఈ కథను అంతటితో వదలరాదు. వై.ఎన్.హొసకోటలోను, పావగడ తాలూకాలోని తక్కిన ఊళ్ళలోను ఇంట్లో తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము – ఇది మనకు తరతరాల అలవాటు. 1956 నవంబరు 1న భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మూడు వైపుల ఆంధ్ర గ్రామాలు ఉన్నా మన తాలూకా మైసూరు రాష్ట్రంలోనే నిలిచినది. తాలూకాలో మనము చాలామందిమి. రాష్ట్రం మొత్తానికి లెక్కవేస్తే కొద్దిమందిమి. కొద్దిమంది గొంతు పెద్ద సభలో ఎట్లా వినబడుతుంది? వేరే పక్షం పెట్టుకుంటేనా, పెద్ద పక్షంలో కలిసిపోతేనా, లేక మూడవ దారి ఏదైనా ఉన్నదా? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము ఈ నెల పాఠకులను సముద్రం దాటించి ఆఫ్రికా ఖండపు దీవి ఒకదానికి తీసుకుపోదలచినాము. ఆ దీవి మారిషస్. అక్కడ కూడా మన తెలుగువారు ఉన్నారు.

ముందు మన ఇంటి మాట

ఓడ ఎక్కేముందు ఒక్క మాట. చిన్న పక్షాల కథ మన మైసూరు సీమకు కొత్తది కాదు. మహారాజుల కాలంలో, 1917లో, ఇక్కడ ప్రజామిత్ర మండలి అనే పక్షం పుట్టినది. సర్కారు ఉద్యోగాలలోను చదువులలోను వెనుకబడిన కులాలవారికి చోటు కావాలన్నది దాని కోరిక. ఆనాడు మైసూరులో ఆచార్యులుగా ఉండిన మన కట్టమంచి రామలింగారెడ్డి గారు దానికి వెన్నుదన్నుగా నిలిచినవారిలో ఒకరు. ఆ కదలిక ఫలితంగానే 1918లో మిల్లరు కమిటీ ఏర్పడినది. తరువాత ప్రజాపక్షం వచ్చినది. 1934 ప్రాంతాన ఆ రెండూ కలిసి ప్రజా సంయుక్త పక్షమైనవి. 1937లో అది కూడా కాంగ్రెసులో కలిసినది. మరుసటి సంవత్సరం, 1938 ఏప్రిల్ 25న, మనకు దగ్గరి విదురాశ్వత్థంలో తుపాకులు పేలినప్పుడు కాంగ్రెసు జెండా కింద నిలిచిన జనంలో పాత చిన్న పక్షాలవారు కూడా ఉన్నారు. ప్రజాపక్షం నుండి నడిచి వచ్చిన కె.సి.రెడ్డి గారే 1947 అక్టోబరులో మైసూరుకు మొదటి ముఖ్యమంత్రి అయినారు.

అంటే, చిన్న పక్షం తన కోరికను బల్లమీద పెట్టి, దానికి పెద్దవారి చేత ఒప్పుదల పొంది, అప్పుడు పెద్ద ప్రవాహంలో కలిసినది. ఈ వరుసను జ్ఞాపకం పెట్టుకుంటే మారిషస్ కథ సులభంగా బోధపడుతుంది.

కోరంగి రేవు నుండి

మారిషస్ మడగాస్కరుకు తూర్పున 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న దీవి. విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో ఒకటి రెండు తాలూకాలంత. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, 1810లో ఆంగ్లేయుల చేత చిక్కినది. దీవి అంతా చెరకు. ఆ చెరకు నరికింది మొదట ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు. 1835లో బానిసత్వం రద్దయినది. దొరలకు కూలీలు కావలసి వచ్చినారు. అప్పుడు వారి చూపు మన దేశం మీద పడినది. 1834 నవంబరులో మొదలై ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాల దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులు ఒడంబడిక కూలీలుగా ఆ దీవిలో దిగినారు. పోర్ట్ లూయీ రేవులో వారు ఎక్కిన రాతిమెట్లు నేటికీ ఉన్నవి. ఆ స్థలాన్ని ఇప్పుడు అప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది.

బీహారు, భోజపురి ప్రాంతాలవారు ఎక్కువ. తరువాత తమిళులు, తెలుగువారు, మరాఠీలు. మనవారు గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుండి, విశాఖ, గంజాం సీమల నుండి పోయినారు. రేవు పేరే వారికి ఊరి పేరు, ఇంటి పేరు అయిపోయినది. అక్కడ తెలుగువారిని చాలాకాలం 'కోరంగివారు' అనే పిలిచినారు. భాష క్రమంగా క్రియోలుకు, ఫ్రెంచికి లోబడినా, సింహాద్రి అప్పన్నను వారు విడువలేదు, అమ్మోరి పండుగను విడువలేదు, రామభజనను విడువలేదు.

వారు దీవి జనాభాలో కొద్ది శాతమే. హిందువులు అన్న పెద్ద లెక్కలో తెలుగువారు ఒక చిన్న భాగం. దీవిలో సగానికి కొంచెం మించి హిందువులు. ఆరింట ఒక వంతు ముస్లిములు. కొంచెం మంది చీనావారు. మిగిలినవారు ఆఫ్రికా, ఐరోపా సంతతివారు. ఈ లెక్క పాఠకులు మనసులో ఉంచుకోవాలి. రాబోయే కథంతా ఈ లెక్క మీదనే నడుస్తుంది.

సంతకం చేస్తే వోటు

చాలాకాలం ఆ దీవిలో వోటు హక్కు ఆస్తి ఉన్నవారిదే. 1936లో డాక్టరు మోరిస్ క్యూరే అనే వైద్యుడు కార్మిక పక్షాన్ని స్థాపించినారు. 1937లో చెరకు ఎస్టేట్లలో సమ్మెలు జరిగినవి, తుపాకులు పేలినవి. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ అరెల్ ఎస్టేటులో కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపినారు. చనిపోయిన వారిలో అంజలై అనే గర్భిణి ఉన్నది. ఆమెతోబాటు చనిపోయినవారి పేర్లు చూస్తే మునిసామి, కృష్ణసామి వంటి మన దక్షిణ దేశపు పేర్లే. నేడు ఆ దీవిలోని ఒక క్రీడారంగానికి అంజలై పేరు పెట్టుకున్నారు.

1948లో కొత్త రాజ్యాంగం వచ్చినది. దాని ప్రకారం ఇరవైయొక్క ఏండ్లు నిండి, చిన్న చిన్న వాక్యాలు చదివి వ్రాయగలిగి, సంతకం చేయగలిగిన వారికి – ఆడవారికైనా మగవారికైనా – వోటు హక్కు. ఏ భాషలో? ఆంగ్లమైనా సరే, ఫ్రెంచి అయినా సరే. హిందుస్తానీ, గుజరాతీ, ఉర్దూ, తమిళం, చీనా, క్రియోలు ఏదైనా సరే. ఆ జాబితాలో తెలుగు కూడా ఉన్నది!

ఈ ఒక్క వాక్యం దగ్గర పాఠకులు కొంచెం ఆగవలెనని మా కోరిక. సముద్రానికి ఆవల, చెరకు తోటలో పొద్దుగూకేదాకా పనిచేసిన ఒక తెలుగు కూలి, తన తల్లి నేర్పిన ఓనమాలతో వోటరు అయినాడు. ఆస్తి అడగలేదు, ఆంగ్లం అడగలేదు; అక్షరం అడిగినారు. అక్షరం ఉన్నవానికి హక్కు, లేనివానికి లేదు.

ఇక్కడనే మన కథలోని మొదటి చిన్న పక్షానికి విత్తనం పడినది. వాసుదేవ్ విష్ణుదయాళ్ అనే పండితుడు లాహోరులోను కలకత్తాలోను చదువుకొని 1939లో దీవికి తిరిగివచ్చినారు. 'జన ఆందోళన' అనే ఉద్యమం నడిపినారు. ఆయన స్వయంసేవకులు ఊరూరా తిరిగి, రాత్రివేళ కిరసనాయిలు దీపాల దగ్గర పెద్దవారికి సంతకం నేర్పినారు. అక్కడివారు 'బైఠకా' అని పిలిచే ఊరి చావడులే బడులైనవి. వోటర్ల జాబితా సుమారు 12 వేల నుండి 70 వేలకు పైగా పెరిగినది. 1948 ఎన్నికలలో 19 స్థానాలకు 11 హిందువులు గెలిచినారు. ఒక్క ముస్లిము కూడా గెలువలేదు. ఒకరి గెలుపులో మరొకరి భయం పుట్టుతుందని ఆనాడే తెలిసిపోయినది.

మూడు చిన్న గొంతులు

1950 దశకం ముగిసేనాటికి కార్మిక పక్షం పెద్దదైనది. దాని నాయకుడు వైద్యుడైన శివసాగర్ రాంగులాం. ఆయనకు ఎదురుగాను, పక్కగాను మూడు పక్షాలు నిలిచినవి.

మొదటిది ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్. వాసుదేవ్ గారి తమ్ముడు, ఉపాధ్యాయుడైన సుఖదేవ్ విష్ణుదయాళ్ 1958లో దీనిని స్థాపించినారు. పల్లెకూలీల గొంతు ఇది. కార్మిక పక్షం పట్నపు పెద్దమనుషులదై పోయినదని, తోటలలో చెమటోడ్చేవానిని మరచినదని వీరి ఆరోపణ. రెండవది ముస్లిం కార్యాచరణ సంఘం. కలకత్తాలో జన్మించి మారిషస్‌లో స్థిరపడిన వర్తకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్ దీని నాయకుడు; పోర్ట్ లూయీకి నగరాధ్యక్షుడుగా కూడా పనిచేసినవారు. 1948లో తమవారు ఒక్కరూ గెలువని సంగతి వారు మరువలేదు. మూడవది మారిషస్ పక్షం. మొదట జూల్ కేనిగ్, తరువాత గాయ్తాన్ ద్యువాల్ దీనిని నడిపినారు. ఆఫ్రికా, ఐరోపా సంతతివారి మద్దతు దీనికి ఎక్కువ. స్వాతంత్ర్యం వస్తే హిందువుల ఆధిక్యం వస్తుందనే భయం వారిది. బ్రిటనుతో ఏదో ఒక సంబంధం ఉంచుకొని స్వపరిపాలన చేసుకుందామన్నది వారి వాదం.

1959 మార్చిలో మొదటిసారి వయోజనులందరికీ వోటు వచ్చినది. 40 స్థానాలలో కార్మిక పక్షానికి సగానికి మించి, ఫార్వర్డ్ బ్లాకుకు 6, ముస్లిం సంఘానికి 5 వచ్చినవి. పెద్దపక్షం ఒంటరిగానే నిలబడగలిగినది. కాని 1963 అక్టోబరు ఎన్నికలలో లెక్క మారినది. కార్మిక పక్షం 19, మారిషస్ పక్షం 8, ఫార్వర్డ్ బ్లాక్ 7, ముస్లిం సంఘం 4, స్వతంత్రులు 2. నలభైలో పందొమ్మిది! సగానికి ఒకటి తక్కువ.

మగ్గం ముందు కూర్చునే మన హొసకోట నేతగాండ్రకు దీని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. పడుగు ఎంత గట్టిదైనా పేక లేనిదే బట్ట కాదు. స్వాతంత్ర్యం కావాలని అడగడానికి పోయే పెద్ద పక్షానికి ఇప్పుడు చిన్న పక్షాల పేక కావలసి వచ్చినది.

లండను బల్ల చుట్టూ

1965 సెప్టెంబరు 7 నుండి 24 వరకు లండనులోని లాంకస్టర్ హౌసులో మహాసభ జరిగినది. అన్ని పక్షాలవారు, ఆ-చుయెన్, పాతురో వంటి స్వతంత్రులు హాజరైనారు. మారిషస్ పక్షం, జనవాక్యం తీసుకొన్న తరువాతనే ఏదైనా నిర్ణయించాలన్నది. చివరకు సభ నుండి వెళ్ళిపోయినది. ముస్లిం సంఘం స్వాతంత్ర్యానికి ఒప్పుకున్నది. కాని తమవారు సభలో తప్పక ఉండేటట్లు ఎన్నికల పద్ధతిలోనే రక్షణ కావాలని పట్టుపట్టినది. ఫార్వర్డ్ బ్లాక్ కూడా స్వాతంత్ర్యం వైపే నిలిచినది. పందొమ్మిదికి ఏడు, నాలుగు కలిసినవి. ఈ కూడికే స్వాతంత్ర్యానికి దారి చేసినది.

కాని అదే లండనులో ఇంకొక బేరం జరిగినది. మారిషస్‌కు చెందిన చాగోస్ దీవులను వేరుచేసి తమవద్ద ఉంచుకోవాలని బ్రిటను కోరిక. అక్కడ అమెరికావారి సైనిక స్థావరం రావలసి ఉన్నది. సెప్టెంబరు 23 ఉదయం బ్రిటను ప్రధాని హెరాల్డ్ విల్సన్ రాంగులాం గారిని విడిగా పిలిచి మాట్లాడినారు. ఆనాడే జరిగిన మరొక సమావేశంలో రాంగులాం గారు సూత్రప్రాయంగా అంగీకరించినారు. చిన్న పక్షాల నాయకులు కాదనలేదు. ఒక్క పాతురో మాత్రం తన అసమ్మతిని నమోదు చేయవలసినదని కోరినారు. ఆయన వెనుక పక్షమేదీ లేదు. ఆ అసమ్మతి మాత్రం కాగితం మీద నిలిచిపోయినది. నవంబరు 8న చాగోస్‌ను కొత్త బ్రిటిషు భూభాగంగా ప్రకటించినారు. మారిషస్‌కు ఇచ్చిన పరిహారం 30 లక్షల పౌనులు. ఆ బేరం షరతులు నచ్చక మారిషస్ పక్షపు మంత్రులు ఆ నెలలోనే రాజీనామా చేసినారు.

ఇక్కడ ఒక ప్రశ్న. చాగోస్ దీవులలో అప్పటికే తరాలుగా కాపురం ఉండిన కొబ్బరితోట కూలీలు ఉన్నారు. వారి పక్షాన ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? ఎవరూ లేరు. వారికి పెద్ద పక్షం లేదు, చిన్న పక్షం లేదు. కనీసం ఒక సంఘం లేదు, వోటు లేదు. 1973 లోపల వారందరినీ ఓడలు ఎక్కించి మారిషస్‌కు, సేషెల్స్ దీవులకు తరలించినారు. చాలామంది పోర్ట్ లూయీ మురికివాడలలో బ్రతుకు ఈడ్చినారు. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం, చాగోస్‌ను వేరుచేయడం వల్ల మారిషస్ విముక్తి న్యాయంగా పూర్తికాలేదని అభిప్రాయం చెప్పినది. 2025 మే 22న బ్రిటను, మారిషస్ దేశాలు ఆ దీవుల ఆధిపత్యాన్ని మారిషస్‌కు అప్పగించే ఒడంబడికపై సంతకాలు చేసినవి. అరవై ఏండ్ల క్రిందటి ఒక్క దినపు బేరం ఇంతకాలం వెంటాడినది. బల్ల దగ్గర చోటు లేనివారు ఏమి నష్టపోతారో తెలియడానికి ఇంతకు మించిన నిదర్శనం మాకు తోచదు.

ఓడినవారిలో మేటి

ఇక చిన్న పక్షాలు కోరిన రక్షణ. 1966లో బాన్‌వెల్ కమిషను ఎన్నికల పద్ధతిని పరిశీలించినది. దాని సిఫారసులు కొన్నిటికి కార్మిక పక్షమూ, చిన్న పక్షాలూ ఒప్పుకోలేదు. అప్పుడు బ్రిటను నుండి స్టోన్‌హౌస్ అనే మంత్రి వచ్చి అందరితో మాట్లాడి రాజీ కుదిర్చినారు. ఆ రాజీ ఇది: దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కొక్క దానికి ముగ్గురు సభ్యులు; రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు; మొత్తం 62. వీరుగాక మరి 8 స్థానాలు. ఎన్నికలలో ఓడినవారిలో ఎక్కువ వోట్లు వచ్చినవారికి, ఏ వర్గానికి సభలో చోటు తక్కువైనదో చూచి, ఆ స్థానాలు ఇస్తారు. దీనిని 'ఓడినవారిలో మేటి' పద్ధతి అనవచ్చును.

మంచి ఉపాయమే. కాని దీనికోసం అభ్యర్థి తాను ఏ వర్గమో కాగితం మీద వ్రాయాలి. రాజ్యాంగంలో గుర్తించినవి నాలుగే గడులు: హిందువు, ముస్లిము, చీనా సంతతి, సామాన్య జనం. మన తెలుగువారు ఎక్కడ? తమిళులు, మరాఠీలతో బాటు 'హిందువు' అనే గడిలోనే. ఒక చిన్న పక్షం తన వర్గం కోసం పోరాడి గడిని సంపాదించినది. ఆ గడులు గీసేటప్పుడు ఇంకా చిన్నవారు పెద్ద గడిలో కరిగిపోయినారు. రక్షణ కోసం కట్టిన గోడ మనుషులను విడదీసే గోడ కూడా కాగలదని తరువాతి తరాలవారు వాదించినారు. 2012లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘం కూడా, ఏనాటిదో 1972 జనాభా లెక్కను పట్టుకొని అభ్యర్థులను ఇట్లా వర్గం చెప్పమని నిర్బంధించడం సరికాదన్నది.

1967 ఆగస్టు 7

ఆ దినం జరిగిన ఎన్నికలే జనవాక్యమైనవి. కార్మిక పక్షం, ఫార్వర్డ్ బ్లాక్, ముస్లిం సంఘం మూడూ కలిసి 'స్వాతంత్ర్య పక్షం' అన్న ఒకే పేరుతో నిలిచినవి. ఎదురుగా ద్యువాల్ గారి మారిషస్ పక్షం. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వోటు వేసినారు. 62 స్థానాలలో స్వాతంత్ర్య పక్షానికి 39, ఎదుటివారికి 23.

స్థానాల లెక్క చూస్తే తేడా పెద్దది. వోట్ల లెక్క చూస్తే నూటికి 43 ప్రాంతం స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికే పడినవి. కూడికలోని చిన్న పక్షాలు వేరుగా నిలిచి వోట్లు చీల్చి ఉంటే ఫలితం ఎట్లా ఉండేదో పాఠకులే ఊహించగలరు. ఆగస్టు 22న శాసనసభ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానం చేసినది.

సంతోషం కలతలేకుండా రాలేదు. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో ముస్లిములకు, క్రియోలులకు మధ్య అల్లర్లు చెలరేగినవి. ప్రాణాలు పోయినవి, కుటుంబాలు తరాలుగా కాపురం ఉన్న వీధులు వదలి తమవారున్న పేటలకు తరలిపోయినవి. సింగపూరు నుండి బ్రిటిషు సైనికులు దిగినారు. ఉత్సవానికి రావలసిన బ్రిటను రాజకుమారి అలెగ్జాండ్రా ప్రయాణం మానుకున్నది. అయినా మార్చి 12న షాం ద మార్స్ మైదానంలో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ పట్టెల జెండా ఎగిరినది. ఆ తేదీని ఊరక ఎన్నుకోలేదు. 1930లో గాంధీ మహాత్ముడు దండికి బయలుదేరిన దినం అది. 1901లో ఆయన దక్షిణాఫ్రికా నుండి వస్తూ ఆ దీవిలో దిగి కొన్ని దినాలు ఉన్నారు. పిల్లలను చదివించండని, రాజకీయాలలో పాల్గొనండని ఆనాడు అక్కడి మనవారికి హితవు చెప్పినారు.

ఏరు దాటిన తరువాత

చిన్న పక్షాల గతి తరువాత ఏమైనది? ఏరు దాటి తెప్ప తగలేసినట్లు అని మనలో సామెత. 1969లో కార్మిక పక్షం, స్వాతంత్ర్యం వద్దన్న మారిషస్ పక్షంతోనే చేతులు కలిపినది. ఫార్వర్డ్ బ్లాక్ ప్రతిపక్షానికి పోయినది. 1972 ప్రాంతాన జరుగవలసిన ఎన్నికలు 1976కు వాయిదా పడినవి. ఆ ఎన్నికలలో ఫార్వర్డ్ బ్లాకుకు ఒక్క స్థానం కూడా దక్కలేదు. మరుసటి సంవత్సరమే సుఖదేవ్ గారు కాలధర్మం చెందినారు. ముస్లిం సంఘం పేరు కూడా క్రమంగా మరుగున పడినది.

అంతమాత్రాన వారి పని వ్యర్థమని మేము అనుకోము. వారు అడిగి తెచ్చుకున్న ఎనిమిది స్థానాల పద్ధతి వారి తరువాత కూడా నిలిచినది. వారు చెప్పిన 'ఔను' మీద ఒక దేశం నిలబడినది. చిన్న పక్షం ఆయుర్దాయం తక్కువ కావచ్చు; అది సరియైన ఘడియలో చేసిన పని మాత్రం దానికంటె ఎక్కువకాలం బ్రతుకుతుంది. ఆ ఘడియలో చేసిన పొరపాటు కూడా అట్లే బ్రతుకుతుంది. చాగోస్ అందుకు సాక్షి.

మరి తెలుగువారి సంగతి? గడులలో వారికి వేరే గడి దక్కలేదు. అయినా వారు కరిగిపోలేదు. 1940 దశకంలోనే వారు మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అది రాజకీయ పక్షం కాదు. పండుగ చేయడానికి, పిల్లలకు అక్షరం చెప్పడానికి పెట్టుకున్న సభ. నేడు ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చదువుకోవచ్చును. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. రాజకీయంగా పెద్ద పక్షాలలో కలిసి నడిచినారు. సంస్కృతిలో తమ సభను తాము నడుపుకున్నారు. ఇదే మేము మొదట అడిగిన మూడవ దారి.

మనకు ఏమి పాఠం?

మన ఊరి కుటుంబాలకు దీనిలో రెండు మాటలు ఉన్నవని మాకు తోచుతున్నది.

మొదటిది: బల్ల దగ్గర చోటు. పంచాయతీ అయినా, పాఠశాల సమితి అయినా, సహకార సంఘమైనా, మనకెందుకులే అని దూరంగా కూర్చోరాదు. పక్షం ఏదన్నది ఎవరి ఇష్టం వారిది. చోటు ఖాళీగా వదలడం మాత్రం కూడదు. కన్నడం మాట్లాడే మన ఇరుగుపొరుగులు మనకు ఎదుటి పక్షంవారు కారు. అదే పేటలో, అదే మగ్గం చప్పుడులో పెరిగినవారు. వారితో కలిసి అడిగిన నీరు, బస్సు, ఆసుపత్రి ఇద్దరికీ వస్తాయి. భయంతో వేరు గడి గీసుకుంటే 1968 జనవరి నాటి వీధులే గతి.

రెండవది: అక్షరం. 1948లో ఆ దీవి కూలికి తెలుగు అక్షరమే వోటు ఇచ్చినది. ఇప్పుడు మన పిల్లలకు వోటు కోసం తెలుగు అక్కరలేదు; పద్దెనిమిది ఏండ్లు నిండితే చాలు. అందువల్లనే నిర్లక్ష్యం కలుగుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వ్రాయడం రాదు. తాత వ్రాసిన ఉత్తరం మనుమడు చదువలేడు. కన్నడం చక్కగా నేర్వనీయండి, ఆంగ్లమూ నేర్వనీయండి, అవి బ్రతుకుతెరువు. వాటితోబాటు రోజుకు ఒక అరగంట, వీధి అరుగు మీదనైనా సరే, పెద్దవారు పిల్లలకు తెలుగు అక్షరం దిద్దించలేరా? పొద్దంతా చెరకు నరికి వచ్చినవారు రాత్రి దీపం ముందు సంతకం నేర్చుకున్నారు. మనకు విద్యుద్దీపాలు ఉన్నవి.

ఈ సంచికను ఇంట్లో ఎవరు చదువుతున్నారో మాకు తెలుసు. ఎక్కువగా అమ్మమ్మలు, తాతలు. చదివిన తరువాత పక్కన పెట్టివేయక, ఒక పిల్లవానినో పిల్లనో దగ్గర కూర్చోబెట్టుకొని ఈ పుటలోని ఒక్క వాక్యం పైకి చదివించండి. తప్పులు పోతే పోనీయండి. దిద్దే పెద్దవారు పక్కన ఉన్నంతవరకు తప్పులకు భయం లేదు.